అగ్గిపెట్టెల ఆఫీసులో నీ మరిది చుట్ట

కోవిల్‌పట్టి,
శుక్రవారం, పొద్దున ఎనిమిది గంటలు.

పూజ్యురాలైన అక్కకు,

చెల్లెలు రాజమ్మ నీ పాదాలంటి రాస్తున్న సంగతులు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రెండు పూటలా రాయించుకుంటున్నావా, నేను ఊళ్ళో లేను కదా అని ఒక పూటతో సరిపెడుతున్నావా? మీ పెద్దవాడు, కోడలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను, నీ మరిది, కొడుకు నారాయణ, కోడలు విజయ, మనవరాలు కీర్తన, ఐదుగురమూ ఒంటిమీద చిన్న గాయం కూడా లేకుండా ఉన్నాం. కంగారు పడకు. ఇలా ఎందుకు రాయాల్సి వచ్చిందో వరసగా చెబుతాను. మధ్యలో ఆపి చివర చూడకు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో ఫోను మాట్లాడితే అందరూ వింటారు. తెలుగులో రాస్తే చదివేవాళ్ళు ఎవరూ లేరు. నారాయణకు మాట వచ్చు, అక్షరం రాదు. ఇందాక కీర్తన బడికి పోతూ నా భుజం మీదుగా తొంగిచూసి, “అవ్వా, మళ్ళా జిలేబీలు సుట్టేదానికి కూర్చుంటివా?” అని నవ్వింది. నాయన మనిద్దరికీ ఇసుకలో దిద్దించిన అక్షరాలు ఈ వయసులో ఇలా అక్కరకొస్తాయని అనుకోలేదు.

మేం ఇక్కడికి వచ్చి నాలుగు నెలల పదకొండు రోజులైంది. ఆ వానకు ఊళ్ళో మా ఇంటి వెనకగది కప్పు కూలకపోయి ఉంటే నారాయణ మమ్మల్ని రమ్మని అంత పట్టుబట్టేవాడు కాదు. వచ్చే రోజు విరుదునగర్‌లో బస్సు మారాం. దిగీ దిగగానే నీ మరిది చుట్ట వెలిగించారు. వెనక గోడమీదే పొగ తాగకూడదని బొమ్మతో సహా బోర్డు ఉంది. ఒక కండక్టరు వచ్చి, “పెద్దాయనా, ఆర్పేయండి, ఫైన్ వేస్తారు” అన్నాడు. ఆర్పి, మిగిలిన సగం చెవిమీద పెట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నా వంక చూశారు. ఆ రోజు నాకు నవ్వొచ్చింది.

నారాయణ పని అగ్గిపెట్టెలు తయారుచేసే చోట అని నీకు తెలుసు కదా. ఇక్కడ అందరూ దాన్ని ఆఫీసు అంటారు. ఆఫీసంటే బల్లలూ కుర్చీలూ ఉంటాయనుకున్నాను. ఇవి పొడవాటి షెడ్లు. అరవైమంది ఆడవాళ్ళు నేలమీద కూర్చుని పుల్లలు పెట్టెల్లో నింపుతారు. ఆ చేతుల వేగం చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. పుల్లల కొనలకు మందు అంటించే గది వేరుగా, తీగకంచె లోపల ఉంది. నారాయణ సూపర్‌వైజరు కాబట్టి ప్రహరీ లోపలే గేటు పక్కన ఇల్లిచ్చారు. ఒకే తలుపు, ఒక ఊచల కిటికీ. వెనకవైపు గోడ ప్రహరీగోడే. మా గుమ్మం నుంచి ఆ కంచెకు నా అడుగులతో నూట నలభై. మొదటి రోజే కొలిచాను.

పొద్దున గేటు దగ్గర మారియమ్మ అనే ఆవిడ వచ్చే ప్రతి మనిషి కొంగూ సద్దిమూటా తడిమి చూస్తుంది. బీడీ, అగ్గిపెట్టె, ఫోను షెడ్లలోకి పోకూడదు. రోజంతా వేల అగ్గిపెట్టెలు చేసే మనిషి కొంగున ఒక్క అగ్గిపెట్టె కట్టుకుని రాకూడదు! మా ఇంట్లో వంటకు గ్యాసు ఒక్కటే అనుమతి, అదీ తలుపు మూసుకుని. దేవుడి దగ్గర కరెంటు దీపం. అది నాకు ఇంకా మింగుడుపడలేదు, అయినా పాటిస్తున్నాను.

వచ్చిన మూడో రోజున ముదలాళి, అంటే ఆఫీసు యజమాని, ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చారు. ప్రహరీ లోపల ఎక్కడా పొగ తాగకూడదు. ఇంట్లో, వసారాలో, స్నానాల గదిలో కూడా. తాగినట్టు తెలిస్తే ఆ రోజే నారాయణకు ఉద్యోగమూ ఇల్లూ రెండూ పోతాయి. నేను కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి సంతకం చేశాను. నీ మరిది పెన్ను ముట్టుకోలేదు.

“ముదలాళీ, ఆఫీసు మీది, మందు గది మీది. ఒప్పుకుంటాను. ఇంట్లో నేను గాలి పీల్చేది కూడా మీరే చెప్పాలా?” అన్నారు తమిళంలో.

“గాలి మీ ఇష్టం తాత్తా. పొగ మాత్రం నా ఇష్టం. లోపల అరవైమంది ఆడవాళ్ళున్నారు” అన్నారాయన.

నారాయణ తలవంచుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూసే నీ మరిది సంతకం పెట్టారు. ముదలాళి వెళ్ళాక మొదలుపెట్టారు.

“యాబై ఏండ్లు కరిసల్ నల్లమట్టిలో దున్నినానే రాజమ్మా. నా నోట్లో ఏముండాదని ఎవురూ అడగలేదు. ఇప్పుడు బడిపిల్లోని మాదిరి దాక్కోని తాగాల్నా?”

“డాక్టరు కూడా తాగొద్దని చెప్పినాడు గదా.”

“డాక్టరు జెప్పినాడు, నేను వినలేదు. అది నా ఇష్టం. ఇది అట్ల కాదే.”

అక్కా, ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పిల్లల జేబులు వెతికినదాన్ని. నియమమంటే నియమమే అని నమ్మినదాన్ని. ఇక్కడి నియమంలో తప్పు లేదు. ఒక్క నిప్పురవ్వ పడితే అరవై ఇళ్ళకు ఆడమనిషి తిరిగి రాదు. కానీ తన ఇంటి గోడల మధ్య కూడా తన చెయ్యి తనది కాదంటే ఆయనకు ఎలా ఉంటుందో కూడా నాకు అర్థమైంది. రెండువైపులా న్యాయం కనపడేసరికి ఎవరిని మందలించాలో తెలియక ఆయన్నే మందలించాను. అలవాటైన మనిషి కదా.

ఊళ్ళో రోజుకు నాలుగు చుట్టలు. ఇక్కడ రెండుకు దించాను. వాటికోసం ఆయన గేటు దాటి, లారీలు పోయే పెద్దరోడ్డు దాటి, అవతల బీడులో ఒక సీమతుమ్మ కిందికి పోవాలి. మొదట టీకొట్టు దగ్గర కూర్చునేవారు. అక్కడా బోర్డు పెట్టారు, లేవమన్నారు. “ఆ ముండ్లచెట్టు కిందనే నాకు సొరాజ్యం వచ్చింది” అని నవ్వేవారు. నేను మాత్రం వసారాలో నిలబడి, రోడ్డుమీద ఆయన తెల్ల తుండు కనపడేదాకా లోపలికి వచ్చేదాన్ని కాదు. లారీ హారను వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేసేదాన్ని.

మిగతా బతుకు ఫరవాలేదు. నీళ్ళు ఉప్పు, పప్పు ఒక పట్టాన ఉడకదు. పంగుని నెల వేసవి ఎండకు మధ్యాహ్నం గోడ తాకలేం. తెలుగు మాట గడప లోపలే. గడప దాటితే తమిళమే. ఇంటిపని అయిపోయాక నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. విజయ టౌనులో కుట్టుపనికి పోతుంది. నారాయణ కళ్ళెదురుగా షెడ్డులో ఉన్నా సాయంత్రం దాకా నాకు దూరమే. అందుకేనేమో నా భయానికి చాలా తీరిక దొరికింది.

నెల కిందట తుండు ఉతుకుతుంటే అంచున కందిగింజంత కన్నం కనపడింది. కాలిన కన్నం. “పాతదే” అన్నారు. ఆ తుండు నేను వారానికి రెండుసార్లు ఉతుకుతాను, పాతదో కొత్తదో నాకు తెలియదా? ఆ రోజు నుంచి చొక్కా వాసన చూడడం, పరుపు ఎత్తి చూడడం మొదలుపెట్టాను. నాలుగో రోజున స్నానాలగదిలో, పైన గాలి వచ్చే సందులో సగం కాలిన చుట్ట దొరికింది.

“ఆర్పిందాన్ని దాచినాను, అంతే” అన్నారు.

“ఇక్కడ ఎలిగించినారా?”

“లేదు అంటాండానే.”

నేను నమ్మలేదు. ఆ సందు కంచెవైపే ఉంది. నారాయణతో చెబితే తండ్రీకొడుకులకు పడదు. ముదలాళికి తెలిస్తే అంతా పోతుంది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నేను రేషన్ షాపుకు పోతూ, ఆయన్ను లోపల ఉంచి బయట తాళం వేశాను.

ఇది రాయడానికి పెన్ను రెండుసార్లు కింద పెట్టాను.

తాళం పడిన చప్పుడు విని లోపలినుంచి, “ఏమే, గొడ్డును కట్టేసినట్ట కట్టేసి పోతాండావా?” అన్నారు. గంటలో వస్తానన్నాను. గంటలోనే వచ్చాను. సాయంత్రం నేనే గేటుదాకా వెంటపోయి చెట్టుకిందికి పంపించాను. ఇంటి తాళంచెవి ఆ రోజు నుంచి నా నడుముకే ఉంది. కొట్టుకు పోయినా, గుడికి పోయినా, విజయ లేని వేళ ఆయన లోపల, తాళం బయట. పదిహేడు రోజులు. రెండో రోజు తరవాత ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నారనుకున్నాను. బడిలో పిల్లలు కూడా అలాగే మాట్లాడకుండా కూర్చునేవారు. అదీ ఒప్పుకోవడమే అనుకునేదాన్ని.

పోయిన వారం బుధవారం పదకొండు గంటలకు రేషన్ షాపు వరసలో నిలబడి ఉన్నాను. నా ముందు ముగ్గురున్నారు. ఎవరో “ఆఫీసులో పొగ!” అని అరిచారు. తిరిగి చూస్తే మా ఇంటివైపే నల్లగా లేస్తోంది.

బియ్యం సంచి అక్కడే పడేసి పరిగెత్తాను. అక్కా, నీకొక్కదానికే చెబుతున్నాను. పరిగెత్తుతూ ఆయన్ను తిట్టాను. తాగినాడు, అంతా కాల్చినాడు, నా కొడుకు బతుకు బూడిద చేసినాడు అని పైకే తిట్టాను. సగం దారిలో నడుం దగ్గర తాళంచెవి గుచ్చుకుంది. అప్పటికి గాని ఆయన ఎక్కడున్నారో గుర్తు రాలేదు. ఆ తలుపు ఇంకెవరూ తీయలేరని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

గేటు బయట ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఏడుస్తున్నారు. మారియమ్మ చీటీ పట్టుకుని పేరుపేరునా పిలుస్తోంది. ఇక్కడ మంట లేస్తే మొదట చేసేది అదే, గేటు దగ్గర తలలు లెక్కపెట్టడం. అందరూ పలికారు. “సరి, ఎవరూ లోపల లేరు” అని చీటీ మడిచింది. ఆ చీటీలో నీ మరిది పేరు లేదు. ఆయన ఆఫీసు మనిషి కాదు కదా.

నన్ను చూసి, “పాట్టీ, తాత్తా ఎక్కడ?” అంది.

నడుం నుంచి తాళంచెవి తీసి చూపించాను. మారియమ్మ దానివైపు చూసింది, నావైపు చూడలేదు. చెవి లాక్కుని పరిగెత్తింది, వెనకే నేను. ఇల్లంతా పొగ కప్పి ఉంది. తలుపు లోపలినుంచి రోకలితో కొట్టిన దెబ్బలకు ఒకచోట పలక చీలింది. ఇప్పుడు మాత్రం ఏ చప్పుడూ లేదు.

తాళం తీసింది మారియమ్మే. ఆయన గడప దగ్గర నేలమీద కూర్చుని ఉన్నారు. తుండు తడిపి మొహానికి కట్టుకున్నారు. పంచె తడిపి తలుపు సందులో దోపారు. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చాం. దగ్గు ఆగడం లేదు. దగ్గు మధ్యలోనే నా చెయ్యి పట్టుకుని ఆయన అన్న మొదటిమాట ఇది:

“నేను కాదే, రాజమ్మా. నేను తాగలేదే.”

అక్కా, ఆ ఒక్క మాట నేను చచ్చేదాకా నాతో ఉంటుంది. ఊపిరి ఆడని మనిషి నీళ్ళు అడగలేదు, ఎందుకు తాళం వేశావని అడగలేదు. తనమీద నేరం లేదని నాకు చెప్పుకున్నాడు.

ఆయన కాదు. షెడ్డులో రాలిన పుల్లలు, మందు కాగితాలు చెత్తగుంటలో వేస్తారు. వాటిని నీళ్ళతో తడిపి కొబ్బరి ఈనెల చీపురుతోనే ఊడ్చాలి. కొత్తగా చేరిన మనిషి తడపకుండా ఇనుప పారతో గీకాడు. గీకినచోట రేగింది. ఆ గుంట మా ఇంటికి పక్కనే, గాలి మావైపే. నారాయణ, ఇంకో నలుగురు ఇసుక బక్కెట్లతో పావుగంటలో ఆర్పేశారు. ఆ అరుపుల్లో తలుపు మీది దెబ్బలు వాళ్ళకు వినపడలేదట, తండ్రి చెట్టుకింద ఉన్నారనుకున్నాడట నారాయణ. చెత్త, కొంచెం కాగితం కట్టలు తప్ప ఏదీ కాలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇది నీకు మళ్ళీ చెబుతున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు.

ముదలాళి కారు దిగి తిన్నగా నీ మరిది ముందుకే వచ్చారు. “తాత్తా, మీ పనేనా?”

మారియమ్మ అడ్డం వచ్చింది. “ఆయన ఎలా చేస్తారు ముదలాళీ? బయట తాళం వేసి ఉంది. నేనే కదా తీసింది.”

ఆయన మీద అనుమానం ఆ మాటతో పోయింది. అరవైమందీ నావైపు తిరిగారు. నారాయణ ఇసుక చేతులతో వచ్చి నిలబడి, “అమ్మా, ఏంటికి?” అన్నాడు. అంతే అన్నాడు. నీ ఉద్యోగం కోసం అనాలనుకున్నాను. “బయపడి” అన్నాను.

డాక్టరు ఊపిరితిత్తులు చూసి బాగున్నాయన్నాడు. రెండు రోజులు దగ్గు ఉండింది, ఇప్పుడు తగ్గింది. గంజి తాగుతున్నారు. శనివారం దాకా నాతో మాట్లాడలేదు. ఆదివారం కాఫీ తాగుతూ తనే అన్నారు.

“జొరం వచ్చిన దినం ఒకటి బాత్రూములో తాగినానే. రోడ్డు దాటేదానికి సత్తువ లేదు. నువ్వు అనుకునింది నిజమే.”

“ఒకటేనా?”

“ఒకటే. నువ్వు బడికి కాదే, పోలీసుకు పోయుండాల్సింది.”

నేను నవ్వబోయి ఏడ్చాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, “ఆ ఆడపిల్లలు ఏడ్చేది కిటికీలోంచి విన్నాను. తలుపు నాకు మాత్రమే మూసుండింది, బయం అందరికీ ఉండింది. ఇంక లోపల తాగను. ఆ కాగితంలో సంతకం నారాయణ కోసరం పెడితిని. ఇది నేనుగా జెప్పేది. అయితే ఒకటి” అని ఆగారు. “నన్ను మూసిపెట్టొద్దు. నేను తాగుతానో మానుతానో, తలుపు తెరిచి ఉండంగా తేల్చుకుంటాను.”

సరేనన్నాను. చెట్టుదాకా నేనూ వస్తాను, రోడ్డు దాటిస్తాను అంటే మాత్రం ఒప్పుకోలేదు. “నువ్వు పక్కన నిలబడితే అది చుట్ట కాదే, పరీక్ష హాలు” అన్నారు.

ఆ తాళం నారాయణకు ఇచ్చేశాను. స్టోరు గదికి వేసుకున్నాడు. నిన్న మొదటిసారి తలుపు దగ్గరగా వేసి రేషన్ షాపుకు పోయాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఒకసారి గేటుదాకా వచ్చి మళ్ళీ పోయాను. ఇప్పుడు మారియమ్మ చీటీలో మా ఐదుగురి పేర్లూ రాయించాను. మొదటి పేరు ఆయనదే. ఆయన మాటమీద ఆయన నిలబడతారా అని భయం. నా మాటమీద నేను నిలబడతానా అని ఇంకా భయం. పొగ వాసన వచ్చినట్టు రోజుకు పదిసార్లు అనిపిస్తుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు, ప్రహరీ అవతలి ఇంటి తాలింపు.

నీకు రెండు పనులు. మన చేని కొర్రలు రెండు పడులు, కొంచెం ఎండబెట్టిన సుండకాయ వత్తలు ఎవరైనా ఇటు వస్తే పంపించు. ఇక్కడి కొర్రల్లో రాళ్ళెక్కువ. నీ మనవలకు వేరుశనగ మిఠాయి కొని పెట్టాను, నారాయణ విరుదునగర్ వచ్చినప్పుడు మీ పెద్దవాడికి అందిస్తాడు. పంచితే తలా నాలుగు వస్తాయి, తగువు పడొద్దని చెప్పు. ఈ తాళం సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు. చెప్పాల్సి వస్తే తప్పు నాదని కూడా కలిపి చెప్పు.

పెద్దమ్మకు నా దండాలు. ఆమె కంటి ఆపరేషను మాట ఏమైందో రాయి. మామయ్యగారికి నీ మరిది నమస్కారాలు చెప్పమన్నారు. చుట్ట మాట మాత్రం ఎత్తవద్దన్నారు.

అక్కా, నా భయం పోవాలని దీవించమని అడగను. అరవైమంది నిప్పు పక్కన కూర్చునే చోట ఎవరో ఒకరు భయపడుతూనే ఉండాలి. ఆ భయంలో నా చెయ్యి మళ్ళీ ఆయన తలుపు గొళ్ళెం మీదికి పోకుండా ఉండాలని, నీ చెయ్యి నా తలమీద ఉన్నట్టే తలచుకుని, దీవించు.

నీ చెల్లెలు,
రాజమ్మ